నెమ్మదిగా వచ్చేవాళ్లకూ ఒక బిబ్ నంబరు ఇవ్వండి

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ నగరాల్లో మారథాన్‌లు, 10కె, 5కె పరుగులు నిర్వహిస్తున్న సంఘాల వారికి,



ఆగస్టు చివర ఒక ఆదివారం నెక్లెస్ రోడ్డులోనూ, ఏడాది చివర విశాఖ బీచ్ రోడ్డులోనూ ఇంకా తెల్లవారకముందే వేలమందిని నిద్రలేపి రోడ్డెక్కించిన ఘనత మీది. ఒకప్పుడు మన ఊళ్లలో నడివయసు మనిషి నిక్కరేసుకుని రోడ్డున పరుగెత్తితే వింతగా చూసేవారు; ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ బిడియం పోయిందంటే అందులో ప్రభుత్వాల పాత్ర కన్నా మీ పాత్రే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం ఆరోగ్య మంత్రికి కాక మీకు రాస్తున్నాను. నరాలో కండరాలో ఏటికేడు క్షీణించే జబ్బులతో బతుకుతున్నవాళ్లకు మీ పరుగుల్లో చోటు కావాలి. వేదిక మీద శాలువా కప్పించుకునే అతిథులుగా కాదు. ఫారం నింపి, ఛాతీ మీద బిబ్ నంబరు పెట్టుకుని, తమ జబ్బు కోసం తామే చందాలు పోగుచేసేవాళ్లుగా. అలా పోగైన సొమ్ము ఏ ఒక్కరి ఆస్పత్రి బిల్లుకో పోకుండా, ఆ జబ్బున్నవాళ్లందరికీ చెందే ఉమ్మడి నిధిగా నిలవాలి. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో, దీనికి రాగల అభ్యంతరాలకు నా జవాబులేమిటో కింద రాస్తున్నాను.

పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లీరోసిస్, మోటార్ న్యూరాన్ జబ్బు, మస్క్యులర్ డిస్ట్రోఫీ. పేర్లు వేరు, అవి మనిషిని పట్టే తీరూ వేరు. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే మెదడు కణాలు నశిస్తూ పోయి కదలిక నెమ్మదిస్తుంది, చేయి వణుకుతుంది; మన ఇళ్లలో వణుకుడు రోగం అనేది దీన్నే. మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో నరాల పైపొర దెబ్బతింటుంది. మోటార్ న్యూరాన్ జబ్బులో కండరాలను ఆడించే నాడీకణాలే చచ్చిపోతాయి, చాలామందికి అది కొద్ది ఏళ్లలోనే ప్రాణం మీదికి తెస్తుంది. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ దాదాపుగా మగపిల్లలకే వచ్చి, బడి చదువు ముగిసేలోపే వాళ్లను చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంది. వీటిలో దేన్నీ పూర్తిగా నయం చేసే మందు ఇవాళ్టికి లేదు. జబ్బు బయటపడ్డ రోజు నుంచి ఇంట్లో వినిపించే మాట మాత్రం అన్నిటికీ ఒకటే: "నీకెందుకీ శ్రమ, కూర్చో." ప్రేమతో అనే మాటే. కానీ ఆ ప్రేమే మనిషిని ముందు వీధి గుమ్మం దాటనివ్వదు, తర్వాత కుర్చీలోంచి లేవనివ్వదు.

ఆ మాట సరికాదని తెలుసుకోవడానికి వైద్యులకే చాలాకాలం పట్టింది. మల్టిపుల్ స్క్లీరోసిస్ ఉన్నవాళ్లకు ఒళ్లు వేడెక్కితే చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. జర్మన్ వైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే దీన్ని గుర్తించాడు. దాంతో ఈ రోగులు వ్యాయామం జోలికి పోకూడదని దశాబ్దాల పాటు చెబుతూ వచ్చారు. 1996లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 54 మంది మీద జరిపిన 15 వారాల అధ్యయనం ఆ భయాన్ని సడలించింది. క్రమం తప్పక వ్యాయామం చేసినవాళ్లకు దమ్ము పెరిగింది, బలం పెరిగింది, దిగులు తగ్గింది. జబ్బు ముదిరిన దాఖలా కనిపించలేదు. పార్కిన్సన్స్ విషయంలో సాక్ష్యం ఇంకా గట్టిది. 2018లో అచ్చయిన స్పార్క్స్ పరీక్షలో, ఇంకా మందులు మొదలుపెట్టని 128 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు గుండె వేగం గరిష్ఠంలో 80 నుంచి 85 శాతానికి చేరేలా ట్రెడ్‌మిల్ మీద గట్టిగా శ్రమించింది, రెండోది ఓ మోస్తరుగా నడిచింది, మూడోది మామూలుగానే ఉండిపోయింది. ఆరు నెలలు గడిచేసరికి మూడో జట్టు కదలికలు మరింత దిగజారాయి, మొదటి జట్టువి దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో 130 మందితో జరిపి 2019లో వెలువరించిన మరో పరీక్షలో, ఇంట్లోనే వ్యాయామ సైకిలు తొక్కినవాళ్లు ఒట్టి సాగదీత కసరత్తులు చేసినవాళ్ల కన్నా మెరుగ్గా నిలిచారు. వ్యాయామం జబ్బును ఆపేస్తుందని ఇవి రుజువు చేయలేదు. అలా ఎవరైనా చెబితే నమ్మకండి. లక్షణాలు ముదిరే వేగాన్ని అదుపులో ఉంచగలదని మాత్రం చూపాయి. మోటార్ న్యూరాన్ జబ్బులో, డుషెన్‌లో లెక్క వేరు. అక్కడ అతిశ్రమ చేటు చేస్తుంది, బరువులెత్తడం డుషెన్ పిల్లలకు పనికిరాదు. ఈత, తేలికపాటి కదలిక, కీళ్లు బిగుసుకోకుండా సాగదీయడం మేలు. కాబట్టి అందరినీ పరుగెత్తించమని నేను అడగడం లేదు. ఎవరికి తగిన కదలిక వాళ్లకు దొరికేలా చూడమంటున్నాను.

వ్యాయామం ఇంట్లో చేసుకోవచ్చు, ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లొచ్చు, దానికి పరుగుల పండగ ఎందుకు అనవచ్చు మీరు. కానీ పై పరీక్షల్లో పాల్గొన్నవాళ్ల వెనక ఒక బృందం ఉంది, పర్యవేక్షణ ఉంది. మన దగ్గర మందుల చీటీ అడుగున "వ్యాయామం" అని ఒక్క మాట పడుతుంది. ఆ తర్వాత చేశావా లేదా అని అడిగే నాథుడుండడు. నెల తిరిగేసరికి ఆ మాట మరుగున పడిపోతుంది. మనిషిని నిలకడగా కదిలించేవి ఏమిటో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి కేబీఆర్ పార్కు దగ్గరికి ఒక బ్యాంకు ఉద్యోగిని లాక్కొచ్చేది ఆరోగ్య సూత్రం కాదు, అక్కడ తన కోసం ఎదురుచూసే జట్టు. గోడ మీద క్యాలెండరులో గుర్తు పెట్టుకున్న తేదీ, పూర్తి చేయవలసిన దూరం, పక్కన నడిచే తోడు. క్షీణ వ్యాధి ఉన్నవాళ్లకు వీటితో పాటు ఇంకొకటి కావాలి: తన నడక వల్ల ఎవరికో ఏదో ఒరుగుతుందన్న నమ్మకం. రోజురోజుకీ తన పనులకు ఇంకొకరి మీద ఆధారపడవలసి వస్తున్న మనిషికి, తాను ఇవ్వగలిగింది ఇంకా ఉందని తెలియడం చిన్న విషయం కాదు. చందాల సంగతి ఇక్కడే వస్తుంది.

టామ్ ఐజాక్స్ అనే బ్రిటిష్ యువకుడికి ఇరవైల్లోనే పార్కిన్సన్స్ వచ్చింది. 2002లో బయలుదేరి బ్రిటన్ తీరం వెంట 4,500 మైళ్లు నడిచి చందాలు పోగుచేశాడు; 2005లో మరికొందరితో కలిసి పార్కిన్సన్స్‌ను నయం చేసే పరిశోధనల కోసమే ఒక ట్రస్టు స్థాపించాడు. సినిమా నటుడు మైకేల్ జె. ఫాక్స్‌కు 29 ఏళ్లకే ఈ జబ్బని తేలితే ఏడేళ్లు గుట్టుగా ఉంచి, 1998లో బయటపెట్టి, 2000లో ఫౌండేషన్ పెట్టాడు. అది ఇప్పటిదాకా పరిశోధనకు 200 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చింది. ఆ డబ్బుతో 2010లో మొదలైన దీర్ఘకాల అధ్యయనంలో వందలమంది రోగులు తమ రక్తాన్నీ వెన్నుద్రవాన్నీ ఇస్తూ వచ్చారు. పార్కిన్సన్స్‌లో గడ్డకట్టే ఆల్ఫా-సైన్యూక్లిన్ అనే ప్రొటీన్‌ను బతికున్న మనిషి వెన్నుద్రవంలో పట్టుకునే పరీక్ష గట్టిదని 2023లో తేల్చింది ఆ నమూనాలతోనే. ఒక్క వైద్యుడో ఒక్క దాతో ముందుకొచ్చి ఉంటే ఇంత జరిగేది కాదని నా నమ్మకం. జబ్బున్న మనిషి అడిగితే చందా వేసేవాడికి అది ఎవరి కోసమో తెలుస్తుంది. ఖర్చు ఎక్కడ పెట్టాలో అడిగేవాడికి తెలుసు.

మన దగ్గర ఇవ్వడానికి చేతులు రావన్న మాట నేను ఒప్పుకోను. 2021లో హైదరాబాద్‌లో స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే క్షీణ వ్యాధి ఉన్న ఒక పసివాడికి 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ కోసం వేలాదిమంది తలా కొంత వేశారు. ఆ బిడ్డకు మందు అందింది, సంతోషం. కానీ అదే జబ్బున్న తర్వాతి బిడ్డ తల్లిదండ్రులు మళ్లీ మొదటి రూపాయి నుంచి మొదలుపెట్టాలి. ఫొటో బాగా పడిన బిడ్డకు, ఇంగ్లిష్‌లో వీడియో చేయగలిగిన ఇంటికి చందా వస్తుంది. పాడేరులోనో నారాయణపేటలోనో ఉన్న బిడ్డకు రాదు. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం రోగికి ఇచ్చే సాయాన్ని 2022లో 50 లక్షల దాకా పెంచింది, హైదరాబాద్ నిమ్స్‌ను కూడా నిపుణ కేంద్రాల్లో చేర్చింది, చందాల కోసం ఒక పోర్టల్ తెరిచింది. అక్కడా ఒక్కో రోగి వివరాలు చూపి అడిగే పద్ధతే. దీనికి భిన్నంగా, నెత్తిన మంచునీళ్లు గుమ్మరించుకుని జబ్బు మొత్తానికి చందాలు పిలిచిన 2014 నాటి ఐస్ బకెట్ ఛాలెంజ్ మీకు గుర్తుండే ఉంటుంది. మోటార్ న్యూరాన్ జబ్బున్న పీట్ ఫ్రేట్స్, పాట్ క్విన్ అనే ఇద్దరు అమెరికన్ యువకులు దాన్ని ఊరూరా పాకించారు. ఆ జబ్బును అమెరికాలో ఏఎల్ఎస్ అంటారు; ఒక్క అమెరికన్ ఏఎల్ఎస్ సంఘానికే 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అది హైదరాబాద్ చేరేసరికి పాత్రికేయురాలు మంజులత కళానిధి చొరవతో రైస్ బకెట్ ఛాలెంజ్ అయింది, ఆకలితో ఉన్నవాళ్లకు బియ్యం చేరింది. అది గొప్ప పని, నేనేమీ తక్కువ చేయను. దాని వల్ల తెలిసేది ఒకటి: పిలుపు మన నేలకు తగ్గట్టు ఉంటే మనవాళ్లు కదులుతారు. మోటార్ న్యూరాన్ జబ్బుకు అలాంటి పిలుపు తెలుగులో నేనింకా వినలేదు.

చందాలతో నడిపితే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది కదా అనేది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యతే, అందులో రాజీ లేదు. అయితే బ్రిటన్‌లో జరిగింది చూడండి. రగ్బీ ఆటగాడు డోడీ వీర్ తనకు మోటార్ న్యూరాన్ జబ్బని 2017లో ప్రకటించి అదే ఏడాది ఫౌండేషన్ పెట్టాడు. లీడ్స్ రగ్బీ లీగ్ ఆటగాడు రాబ్ బరోకు 2019 డిసెంబరులో అదే జబ్బని తేలింది. అతని పాత సారథి కెవిన్ సిన్‌ఫీల్డ్ మరుసటి డిసెంబరులో ఏడు రోజుల్లో ఏడు మారథాన్‌లు పరుగెత్తి 20 లక్షల పౌండ్లకు పైగా తెచ్చాడు. ఈ చందాల వెనకే రోగులూ శాస్త్రవేత్తలూ ఏకమై ప్రభుత్వాన్ని నిలదీశారు, 2021 నవంబరులో ప్రభుత్వం పరిశోధనకు 5 కోట్ల పౌండ్లు ప్రకటించక తప్పలేదు. ఆ డబ్బు విడుదలలో జాప్యమైతే మళ్లీ వాళ్లే అడిగారు. చందా వేసిన లక్షలమంది ఆ జబ్బు పేరు తెలిసిన ఓటర్లయ్యారు, అందువల్లే ఒత్తిడి పనిచేసింది. జబ్బు పేరే ఎవరికీ తెలియని చోట ప్రభుత్వాన్ని అడిగే గొంతు కూడా ఉండదు.

మరికొందరు, ముఖ్యంగా వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు, ఇది రోగులను ప్రదర్శనకు పెట్టడం అంటారు. వాళ్ల మాటలో న్యాయముంది. ఆస్ట్రేలియా ఉద్యమకారిణి స్టెల్లా యంగ్ జీవితాంతం పోరాడింది దీని మీదే: వికలాంగులు ఇతరులకు స్ఫూర్తినిచ్చే బొమ్మలు కారని. అందుకే ఎవరు ఎలా కనిపించాలో వాళ్లే నిర్ణయించుకోవాలి. బిబ్ మీద జబ్బు పేరు వేయొద్దు. ఫినిష్ లైన్ దగ్గర మైకు పట్టుకుని "ఇంత జబ్బుతో కూడా" అని మొదలుపెట్టే వ్యాఖ్యాతను వారించండి. నిధి ఎలా ఖర్చు కావాలో నిర్ణయించే కమిటీలో సగం మంది ఆ జబ్బులున్నవాళ్లో వాళ్లను చూసుకునే ఇంటివాళ్లో ఉండాలి. ఈ ఒక్క షరతు పాటిస్తే ప్రదర్శన అన్న మాటకు చోటుండదు.

కొందరు ఇంకో కారణంతో రాకపోవచ్చు, మీరు దాన్ని ముందే గ్రహించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతోనో తీవ్రమైన మస్క్యులర్ డిస్ట్రోఫీతోనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు పింఛను ఇస్తున్నారు. మంచి పెంపు అది. అయితే ఆ పింఛను మీద ఇల్లు గడుస్తున్న మనిషి, ఒక ఉదయం రోడ్డు మీద నాలుగు అడుగులు వేస్తే రేపు తనిఖీలో ఏమంటారోనని జంకుతాడు. పార్కిన్సన్స్‌లో మందు పనిచేసే గంటల్లో నడిచే మనిషే, అది దిగిపోయాక కుర్చీలోంచి లేవలేడు. మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో ఈ నెల ఉన్న బలం వచ్చే నెల ఉండకపోవచ్చు. నడవగలుగుతున్నాడు కాబట్టి జబ్బు లేదనుకోవడం ఈ జబ్బుల స్వభావం తెలియక చేసే పొరపాటు. పాల్గొనేవాళ్ల పేర్లు, ఫొటోలు అనుమతి లేకుండా బయటికి రాకుండా చూడటం మీ చేతిలో ఉంది. ఇలాంటివాళ్లను ఏటా కళ్లారా చూసే ఊళ్లో ఆ అపోహ కూడా నెమ్మదిగా సడలుతుంది.

భద్రత మాటేమిటని మీ వైద్య బృందం అడుగుతుంది, అడగాలి కూడా. ఇక్కడ చిన్న సంగతులే పెద్దవి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల పాదాలు ఇరుకు సందుల్లో, గుమ్మాల దగ్గర నేలకు అతుక్కున్నట్టు హఠాత్తుగా ఆగిపోతాయి; స్టార్ట్ దగ్గర మీరు కట్టే సన్నటి బారికేడ్ల దారి, వెనక నుంచి తోసుకొచ్చే జనం వాళ్లకు సరిగ్గా అలాంటి చోటే. వాళ్లకు వెడల్పాటి దారి ఇచ్చి, నేల మీద అడుగుకో అడ్డగీత తెల్ల టేపుతో అతికిస్తే, గీత దాటాలన్న చూపుతో పాదం మళ్లీ లేస్తుంది. వణికే వేళ్లతో బిబ్‌కు నాలుగు పిన్నీసులు పెట్టుకోలేరు. నడుముకు కట్టుకునే బెల్టు ఇవ్వండి. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్ర వేసుకున్నాక అది పట్టడానికి కొంత సమయం పడుతుంది, కాబట్టి చెప్పిన సమయానికే ఫ్లాగ్ ఆఫ్ జరగాలి, ముఖ్య అతిథి కోసం అరగంట ఆపితే వాళ్ల నడిచే గంట కరిగిపోతుంది. మల్టిపుల్ స్క్లీరోసిస్ ఉన్నవాళ్లకు ఎండ, ఉక్క పడవు. విశాఖలో పొద్దెక్కితే డిసెంబరులోనూ ఉక్కపోయవచ్చు. నెమ్మదిగా నడిచేవాళ్లను అందరికన్నా చివర వదిలే ఆనవాయితీ మార్చి, చల్లగా ఉన్నప్పుడే అందరికన్నా ముందు వదలండి. మింగడం కష్టమైనవాళ్లు నీళ్లు కొద్దికొద్దిగా తాగేలా చూడండి. ఇవేవీ కోట్లు పెట్టి చేయవలసినవి కావు. ఇక కటాఫ్ టైమ్ అయిపోగానే వాళ్ల వెనకే తోరణాలు ఊడదీసే పని మాత్రం దయచేసి చేయొద్దు.

అసలు కదలలేనివాళ్ల గతేమిటనే ప్రశ్నకు లీడ్స్ నగరమే జవాబిచ్చింది. 2023 మే 14న రాబ్ బరో పేరుతో మొదలైన లీడ్స్ మారథాన్‌లో, అప్పటికే నడక, మాట రెండూ పోయిన బరోను ప్రత్యేకంగా చేయించిన చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సిన్‌ఫీల్డ్ 26 మైళ్ల చిల్లర నెట్టుకొచ్చాడు, చివరి గీత ముందు ఎత్తుకుని దాటించాడు. బరో 2024 జూన్ 2న, 41 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అతని జబ్బు వేగాన్ని ఏ పరుగూ తగ్గించలేకపోయింది. కానీ అప్పటికే తన ఊళ్లో ఈ రోగుల కోసం ఒక ప్రత్యేక చికిత్సా కేంద్రానికి కావలసిన చందాలకు అతనే కేంద్రమయ్యాడు. మన దేశంలోనూ దారి చూపినవాళ్లున్నారు. హిమాచల్‌లోని సోలన్‌లో ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ మస్క్యులర్ డిస్ట్రోఫీని నడిపిస్తున్న సంజనా గోయల్ తానే ఆ జబ్బుతో చక్రాల కుర్చీలో ఉన్న మనిషి. వాళ్ల మానవ్ మందిర్‌కు వచ్చేది ఒక్కరి వైద్యానికి వేసే చందా కాదు. అక్కడి ఫిజియోథెరపీ దేశం నలుమూలల నుంచి వచ్చే రోగులందరిదీ.

డబ్బు వృథా అవుతుందన్న భయానికి కూడా సూటిగా జవాబు చెప్పాలి. ఐస్ బకెట్ సొమ్ములో 22 లక్షల డాలర్లు పెట్టి సాయం చేసిన ఒక మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. పెద్ద పరీక్షలో అది పనిచేయలేదని తేలడంతో 2024లో కంపెనీయే ఉపసంహరించుకుంది. అదే సొమ్ము ఊతంగా సాగిన జన్యు పరిశోధనలో 2016లో ఎన్ఈకే1 అనే జన్యువు ఈ జబ్బుతో ముడిపడి ఉందని తెలిసింది. పరిశోధనలో రెండూ ఉంటాయి, ముందే చెప్పి చందా అడగాలి. మన నిధి మొదటి నుంచే మందులు కనిపెట్టే పనికి దిగనక్కర్లేదు. ముందు కావలసింది జిల్లాల్లో ఫిజియోథెరపీ, రాత్రి శ్వాసకు తోడ్పడే బైపాప్ యంత్రాలు, దగ్గు తీయించే యంత్రాలు, కొలతకు కుదిరే చక్రాల కుర్చీలు అద్దె లేకుండా ఇచ్చే కేంద్రం. వీటితో పాటు రెండు తెలుగు రాష్ట్రాల రోగుల నమోదు పట్టిక. ఎక్కడ ఎంతమంది, ఏ జన్యు లోపంతో ఉన్నారో లెక్క ఉన్నచోటికే కొత్త మందుల పరీక్షలు వస్తాయి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి పరిశోధనా సంస్థలున్న హైదరాబాద్‌లో జన్యువులు చదవగలవాళ్లకు కొదవ లేదు.

పద్ధతి మీకు కొత్తదేమీ కాదు. లండన్ మారథాన్ తన స్థానాల్లో కొన్నిటిని చందాలు తెచ్చేవాళ్లకు కేటాయిస్తుంది. 2024లో ఆ ఒక్క రోజు పరుగుతో 7 కోట్ల 35 లక్షల పౌండ్లు సేవాసంస్థలకు చేరాయి. ముంబయి మారథాన్ 2004 నుంచి సేవాసంస్థలకు నిధులు తెస్తోంది, వికలాంగులకు ప్రత్యేక విభాగమూ నడుపుతోంది. వచ్చే సీజను ఫారం తెరిచేలోపు హైదరాబాద్‌లో నిమ్స్, విశాఖలో కేజీహెచ్ న్యూరాలజీ వైద్యులనూ, ఫిజియోథెరపిస్టులనూ, ఈ జబ్బులున్న నలుగురైదుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టండి. 5కెలో మొదటి ఏడాది యాభై స్థానాలు, ఒక్కొక్కరి వెంట రుసుము లేకుండా ఒక తోడు, ప్రవేశ రుసుము కట్టే ప్రతివాడూ నిధికి తోచినంత వేసేలా ఫారంలో ఒక గడి, వేసినవాళ్లకు పన్ను మినహాయింపు రసీదు. నిధి జమాఖర్చులు పరుగు ముగిసిన మూడు నెలల్లోపు పేపర్లో ప్రకటించండి. మొదటి సమావేశం ఎప్పుడు పెడతారో చెబితే, రాగలిగిన రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ మందు వేళలు చూసుకుని బయలుదేరతారు.